కాటా బాబాయి ఇంటి బియ్యం

వానలు మొదలవకముందే మైకు కట్టిన బండి ఒకటి వీధివీధీ తిరిగి చెప్పి పోయింది. ఈ ఏడు ఏరు గట్టిగా పొంగేట్టుంది, వంతెన మూస్తే మళ్లీ ఎప్పుడు తెరుస్తామో చెప్పలేం, ఎవరింట్లో వాళ్లు సరిపడా తిండి నిలవ చేసుకోండి అని. సరిపడా అంటే ఎంతో మాత్రం చెప్పలేదు. ఆ ఒక్క ముక్క దగ్గరే దర్జీ బుర్ర తిరిగిపోయింది.

దర్జీ అంటే వీధి మలుపులో ఇరుకు గదిలో మిషను పెట్టుకుని కుట్టుకునే మనిషి. నెమ్మదస్తుడు. ఎవరేం చెప్పినా నమ్ముతాడు, నమ్మాక దాని మీద నిజంగానే ఆలోచిస్తాడు, అదే అతనితో వచ్చిన చిక్కు. ఇంట్లో ఐదుగురు. తను, భార్య, అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు.

"బియ్యం ఎంత తెద్దాం? పప్పు ఎంత? నూనె ఎంత? ఎప్పట్లా తర్వాత చూద్దాం అంటే కుదరదు. చిన్నదానికి జ్వరం తగ్గి ఇప్పుడిప్పుడే ముద్ద లోపలికి పోతోంది. మధ్యలో లేదంటే నేను దానికి ఏం చెప్పను?" అంది భార్య పొద్దున్నే.

అతను లెక్క వేయబోయాడు. పెద్దది మనసైతే తింటుంది, లేకపోతే కంచం ముందు అలిగి కూర్చుంటుంది. అత్తగారు "నాకేం వద్దు నాయనా" అంటూనే ఇద్దరి తిండి తింటుంది. భార్య ఎంత తింటుందో ఇన్నేళ్ల కాపురంలో అతను చూసిందే లేదు, అందరూ లేచాక గానీ ఆవిడ కూర్చోదు గనక. ఇక వంతెన ఎన్నాళ్లు మూస్తారన్నది ఏరు ఇష్టం. తెలియనిదాన్ని తెలియనిదానితో గుణిస్తే ఏం తేలుతుంది? అతను చెప్పులేసుకున్నాడు.

"ఎవరైనా తెలిసినవాళ్లని అడిగి రండి" అని భార్య వెనక నుంచి కేకేసింది.

తెలిసినవాళ్లెవరంటే, టీ కొట్టు బెంచీ మీద కాటా బాబాయి ఉన్నాడు. సరుకుల గోదాములో తూకం కాటా దగ్గర ఉద్యోగమంతా గడిపి దిగినవాడు. అక్కడున్నన్నాళ్లూ ముల్లు ఎక్కడ నిలబడితే అక్కడే మాట, చిటికెడు అటూ ఇటూ పోనిచ్చేవాడు కాదని పేరు. దిగి వచ్చాక ఆ తూకమంతా నోటికి లేకుండా పోయింది. గోరంత దొరికితే చాలు, దానికి కొండంత కట్టి గానీ వదలడు. అయినా ఆయన లేకపోతే టీ చప్పగా ఉంటుందని అందరూ అక్కడికే చేరతారు. ఆ పూట టీ కొట్టు అక్కయ్య స్టవ్ దగ్గర ఉంది, వ్యాను డ్రైవరు సరుకు కోసం ఎదురుచూస్తూ బెంచీకి అటు చివర ఉన్నాడు. సన్నగా తుంపర పడుతోంది.

"బాబాయ్, మీరు గింజల మధ్య బతికిన మనిషి. ఐదుగురికి వానాకాలం గడవాలంటే ఎంత నిలవ పెట్టుకోవాలి?" అని అడిగాడు దర్జీ.

కాటా బాబాయి గ్లాసు కింద పెట్టాడు. పంచె అంచుతో మూతి తుడుచుకున్నాడు.

"అయిపోయింది. ఇవాళ నా సరుకు రేపటికే" అని డ్రైవరు గొణిగాడు.

"ఎంత అన్నది ఎవడైనా చెప్తాడురా అబ్బాయ్, ఎలా అన్నది అడుగు. పెద్ద వరద వచ్చిన ఏడు గుర్తుందా, ఆ ఏడు ఈ వీధి మొత్తానికి ముందుచూపున్నవాణ్ని నేనొక్కణ్నే. మబ్బు మొహం చూసి మీ పిన్నికి చెప్పేశాను, ఇది తడిపి పోయే వాన కాదే, కూర్చునే వాన అని. ఒక బస్తా బియ్యం తెచ్చాను. ఒక డబ్బా పప్పు, ఒక డబ్బా నూనె, కాస్త ఉప్పు, అగ్గిపెట్టెలు తడవకుండా కవర్లో చుట్టి అటక మీద. అంతే. ఇద్దరం మనుషులం, తలుపేసుకుని రాజాల్లా కూర్చున్నాం."

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. ఇద్దరికి బస్తా అంటే ఐదుగురికి రెండున్నర. ఇంత తేలిక లెక్కకా పొద్దుట్నుంచీ తల బద్దలు కొట్టుకున్నది అనుకుని లేవబోయాడు.

"కూర్చోరా, అది మొదటి లెక్క. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

దర్జీ కూర్చున్నాడు.

"మొదటి లెక్కలో మనుషులే ఉన్నారు. ఇంట్లో తినేది మనుషులేనా? నేను బస్తా దించానో లేదో ఎలుకలొచ్చి చూసి పోయాయి. తినలేదు, చూసి పోయాయి. అంటే ఏమిటి? వాళ్ల బంధువర్గానికి కబురు పెట్టడానికి పోయాయన్నమాట. సరే, ఎవరి నోరు కొట్టడం ఎందుకని వాటి వాటా కింద ఇంకో బస్తా దించాను. ఎలుకలుంటే పిల్లి వస్తుంది కదా, పిల్లికి పాలపొడి. పిల్లి వచ్చిందా, ఎలుకలు భయపడి తినడం మానేశాయి, వాటి బస్తా మిగిలిపోయింది. మిగిలిన బస్తా ఉందని తెలిస్తే చుట్టాలు ఆగుతారా? చుట్టాలకి నాలుగు బస్తాలు."

"పిల్లి ఉంటే ఎలుకల బస్తా కొనక్కర్లేదు కదా బాబాయ్?" అన్నాడు దర్జీ.

"ఎలుకల బస్తా కొనకపోతే ఎలుకలు రావు. ఎలుకలు రాకపోతే పిల్లి రాదు. పిల్లి రాకపోతే ఎలుకలు వస్తాయి. నువ్వే ఆలోచించు."

దర్జీ నిజంగానే ఆలోచించాడు. ఎలుకల దగ్గర మొదలుపెట్టి పిల్లి మీదుగా వెళ్లి మళ్లీ ఎలుకల దగ్గరే తేలాడు. ఇంకోసారి పిల్లి దగ్గర మొదలుపెట్టి చూశాడు. అదీ అక్కడికే వచ్చింది. బాబాయి అన్నదాంట్లో తప్పు కనపడలేదు, కానీ రెండున్నర బస్తాలు మాత్రం చేతిలోంచి జారిపోయాయి.

"ఇలా ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతే లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఇంట్లో జాగా ఏదీ? మంచం బయట పడేశాం, బస్తాల మీదే పడక. పడుకుంటే ముక్కు కప్పుకి తగిలేది, పక్కకి తిరగాలంటే ముందు ఇద్దరం మాట్లాడుకోవాలి. పొద్దున దిగడానికి నిచ్చెన. రోజూ అడుగు బస్తా విప్పి వండుతాం కదా, పడక రోజుకింత కిందికి దిగేది. మీ పిన్ని తెలివి చూడు, ఒకరోజు నా వైపు బస్తా, ఒకరోజు తన వైపు బస్తా విప్పేది. ఒకే వైపు తీసుకుంటూ పోతే ఇద్దరం దొర్లి వంటపాత్రలో పడతామని."

"కప్పు దాకా బస్తాలుంటే పిన్ని పొయ్యి ఎక్కడ పెట్టిందండీ?" అంది అక్కయ్య టీ వడపోస్తూ.

"అక్కడికే వస్తున్నాను తల్లీ. కప్పు దాకా అన్నానా, అది మొదట్లో. బియ్యానికి ఒక గుణముంది, గాలిలో తేమ ఉంటే పీల్చుకుంటుంది. కాటా దగ్గర కూర్చున్నవాణ్ని, నాకు చెప్పాలా? వాన పట్టాక ఒక్కో బస్తా ఒళ్లు చేయడం మొదలెట్టింది. ఓ తెల్లారుజామున కప్పు కిర్రుమంది. లేచి చూద్దును కదా, గోడకీ కప్పుకీ మధ్య నుంచి ఆకాశం. మూరెడు లేచిపోయింది. పైన అద్దెకున్న మేష్టారు కిటికీలోంచి తల పెట్టి, ఏమండీ, ఇవాళ మెట్లు నా కాలికి అందడం లేదు అన్నాడు."

"మీ ఇంటికి పై అంతస్తు లేదు కదా?" అంది అక్కయ్య.

"ఆ ఏడు ఉండేది."

డ్రైవరు టీ గొంతుకడ్డం పడి దగ్గాడు. దర్జీ మాత్రం నవ్వలేదు. అతని బుర్ర ఇంకా బియ్యం దగ్గరే ఉంది.

"బాబాయ్, తేమకి బియ్యం పెరిగేట్టయితే, తక్కువ కొనుక్కున్నా సరిపోతుందా?"

"పెరిగిన బియ్యం తింటే పెరిగిన ఆకలి వేస్తుందిరా. ఎక్కువ కొనాలి."

"ఎక్కువ కొంటే అదీ పెరుగుతుందిగా?"

"పెరుగుతుంది. అందుకే తక్కువ కొనాలి. అర్థమైందా?"

దర్జీ తలూపాడు. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటమేసింది. మనిషికి ఎంత అని ఒక్క అంకె దొరికితే చాలు, ఇంటికి పోయి చెప్పేయొచ్చు. ఆ ఒక్క అంకే ఈ మాటల మడతల్లో ఎక్కడో ఉందనీ, ఓపిక పడితే తగులుతుందనీ అతని ఆశ.

"ఇక ఉప్పు. ఉప్పు దగ్గర నేను చెయ్యి బిగించలేదు. కూర లేకపోతే ఒక పూట బాధ, ఉప్పు లేకపోతే ప్రతి పూటా బాధ. వెనక గది నిండా ఉప్పే. నీళ్లు గుమ్మం దాటి లోపలికొచ్చాయి, ఉప్పంతా కరిగింది, కరిగి వీధిలోకి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం చేపలు ఏటికి ఎదురీదుకుంటూ మన వీధిలోకి వచ్చేశాయి. ఇదే సముద్రమనుకున్నాయి పాపం, వాటి తప్పేముంది. ఇదిగో, ఈ బెంచీ ఉందే, ఇక్కడ ఈ బెంచీ అంత చేప. నన్ను చూసి దారి అడుగుతున్నట్టే నోరు తెరిచింది."

"ఏం చెప్పారు?" అన్నాడు డ్రైవరు.

"ఎడం పక్కకి తిరిగి నేరుగా పొమ్మన్నాను. అదేమో కుడికి తిరిగింది, పొరుగూరిది కాబోలు."

"మరి ఆ చేపల్ని వండుకోలేదా బాబాయ్? బియ్యం ఆదా అయ్యేది" అన్నాడు దర్జీ.

బాబాయి అతని వైపు ఒక్క క్షణం జాలిగా చూశాడు. "దారి తప్పినవాణ్ని తింటారురా ఎవరైనా?"

దర్జీకి సిగ్గేసింది. తనెంత మాట అన్నాడో అనుకున్నాడు. అంతలోనే ఉప్పు ఎక్కువ కొంటే వీధంతా ఉప్పునీళ్లవుతాయని, కొనకపోతే ప్రతి పూటా బాధని, ఈ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో తెలియక చూపుడువేలితో బెంచీ మీద పడ్డ టీ చుక్కని అటూ ఇటూ గీస్తూ కూర్చున్నాడు.

బాబాయి జోరు మీదున్నాడు. చేతులు తిప్పడానికి బెంచీ చాలడం లేదు.

"చిక్కుడు గింజలు మర్చిపోయాను. గోనె నిండా ఎండు చిక్కుడు గింజలు. అవీ తడిశాయి. తడిస్తే ఊరుకుంటాయా, మొలకెత్తాయి. పొద్దున ఒక తీగ కిటికీలోంచి తల బయట పెట్టింది, మధ్యాహ్నానికి వీధి దాటింది, సాయంత్రం దీపాలవేళకి ఏరు దాటి అవతలి గట్టు మీద కరెంటు స్తంభాన్ని చుట్టుకుని కూర్చుంది. అప్పటికి వంతెన మునిగిపోయిందా, జనం ఏం చేయాలి? ఆ తీగ మీద నడిచే అవతలికి పోయారు. ముసలివాళ్లు, పసివాళ్లు, సైకిళ్లు, మేకలు. తీగ చివర ఇద్దరు ఎదురుపడితే జరగమని పెద్ద గొడవ, నేనే పోయి సర్ది చెప్పాను."

"నా వ్యాను కూడా ఎక్కించానా బాబాయ్?"

"ఎక్కించావు. భయానికి కళ్లు మూసుకుని నడిపావు, అందుకే నీకు గుర్తు లేదు."

డ్రైవరు, అక్కయ్య ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు. దర్జీ డ్రైవరు వైపు తిరిగి, "నిజంగానే గుర్తు లేదా?" అని మెల్లగా అడిగాడు. డ్రైవరు నవ్వు దాచుకోవడానికి గ్లాసు ఎత్తాడు.

"ఇంత జరిగినా తిండి తరిగిందా? తరగలేదు. వీధి మొత్తానికి మా కిటికీలోంచే వడ్డన. మీ పిన్ని పెద్ద గరిటె పట్టుకుని లోపల, నేను కేకలు వేస్తూ బయట. ఏరు తగ్గింది, వంతెన తెరిచారు, అయినా వండిందే వండుతున్నాం, ఆపితే కప్పు కిందికి దిగదేమోనని భయం. తిని తిని, తిని తిని, నేనూ మీ పిన్నీ ఎంత ఒళ్లు చేశామంటే, చివరికి బయటికి రావాలంటే గుమ్మం పట్టలేదు. మేస్త్రీని పిలిపించి గోడ పగలగొట్టించుకుని వచ్చాం. అదిరా నిలవ చేయడమంటే. ఇప్పుడు తెలిసిందా ఎంత కావాలో?"

ఆయన గ్లాసు అందుకున్నాడు. దర్జీ నుదురు ముడిపడి ఉంది. ఎలుకలు, ఉప్పు, చేపలు, తీగ, అన్నీ సర్దుకుని నమ్మగలిగాడు గానీ ఈ చివరి మాట దగ్గర అతని లోపల ఏదో కుట్టు తప్పింది.

"బాబాయ్, నాకొకటి అర్థం కావడం లేదు."

"అడుగు."

"వరద తగ్గి నేను కొట్టు తెరిచిన రోజు మొదటి బేరం మీదే. ప్యాంటు నడుము బిగించమన్నారు. ఒళ్లు చేస్తే వదులు చేయమనాలి కదా?"

అక్కయ్య చేతిలో గరిటె ఆగింది. బాబాయి మాత్రం తడుముకోలేదు.

"నీ టేపు వానకి తడిసి సాగి ఉంటుంది. సాగిన టేపు నడుముని తక్కువ చూపిస్తుంది."

దర్జీ దాన్ని కూడా ఆలోచించాడు. అవును, సాగితే తక్కువే చూపిస్తుంది. బాబాయి చెప్పింది నిజమే.

"టేపు పెట్టకముందు సంగతి బాబాయ్. మీరు ఆ ప్యాంటుని పురికొసతో కట్టుకుని వచ్చారు. రెండు చుట్లు తిప్పి ముడేసి ఉంది. విప్పడం నా వల్ల కాక కత్తెర పెట్టాను. అంత తిండి ఉన్న ఇంట్లో..."

మాట మధ్యలో ఆపేశాడు. ఎవరూ నవ్వడం లేదు. తను అడిగింది కుట్టుపని సందేహం, ఇంకేం కాదు. మరి ఇందరి మొహాలు ఇలా ఎందుకు మారాయో అతనికి తెలియలేదు.

డ్రైవరు గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆ వరదలో పడవ మీద అన్నం పొట్లాలు పంచింది నేనే బాబాయ్. మీ గుమ్మం ముందు కూడా ఆపాను. మీరు తలుపు ఓరగా తీసి, మాకెందుకయ్యా, లోపల కాలు పెట్టే జాగా లేదు, ముందుకి పో అన్నారు. మీ కోతల సంగతి తెలుసు గానీ, అడుగున ఒక బస్తా అయినా నిజంగా ఉంటుందనుకున్నాను. మళ్లీ వచ్చినప్పుడు మీ ఇంటి దగ్గర ఆపనే లేదు."

"నేనూ అంతే. మా ఇంట్లో గంజి మిగిలితే మీ ఇల్లు దాటించి అవతలింటికి పంపాను. వాళ్లకి ఉందిలే అని" అంది అక్కయ్య.

కాటా బాబాయి గ్లాసులోకి చూస్తున్నాడు. అందులో టీ లేదు, అడుగున పొడి ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని ఆయన అంటాడేమోనని దర్జీ ఎదురుచూశాడు. అనలేదు. ఎవరికీ కాదన్నట్టు, ఎప్పుడూ మాట్లాడని చిన్న గొంతుతో అన్నాడు.

"పడవ నీళ్లలో ఎంత మునిగిందో చూశాను. తేలిగ్గా ఉంది. అందులో ఉన్నది వీధి చివరిదాకా చాలదు."

"అలాగని పిన్నిని కూడా పస్తుంచి..." అంది అక్కయ్య.

"తిట్టిందిలే" అన్నాడాయన.

తువ్వాలు తల మీద వేసుకుని లేచి, తుంపరలోనే నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన టీ ఇంత తొందరగా ముగించడం వాళ్లెవరూ ఎప్పుడూ చూడలేదు. దర్జీ కాసేపు ఆ వైపే చూశాడు. తను తప్పు చేశాడో, మంచి చేశాడో, అసలేమైనా చేశాడో అతనికి తేలలేదు.

ఇంటికి పోయేసరికి భార్య బియ్యం డబ్బా ఖాళీ చేసి తుడుస్తోంది.

"అడిగారా? మనిషికి ఎంతన్నారు?"

"అది తేలలేదు. కానీ ఆరుగురికి చూడు."

"మనం ఐదుగురమేగా?"

దర్జీ జరిగింది జరిగినట్టు చెప్పాడు, ఎలుకల దగ్గర నుంచి మొదలుపెట్టి. మధ్యలో పిల్లి దగ్గర తికమకపడి మళ్లీ వెనక్కి పోయాడు. ఆవిడ నవ్వలేదు, తుడవడం ఆపి విన్నది. అంతా అయ్యాక, "పిన్నిని లెక్కలో వదిలేశారు. ఏడు" అంది. మళ్లీ తనే, "ఇస్తే పుచ్చుకునే మనిషి కాదు ఆయన. ఏమని ఇస్తారు?" అంది.

దీని మీద కూడా దర్జీ ఆలోచించాడు. గుడ్డ కత్తిరించే ముందు ఆలోచించినంతసేపు.

రెండు రోజులకి, సరుకు దిగాక, బియ్యం మూట భుజాన వేసుకుని కాటా బాబాయి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఒళ్లంతా చెమట. బరువుకి కాదు, పుట్టి బుద్ధెరిగాక అబద్ధం చెప్పడం ఇదే మొదలు. బాబాయి తలుపు ఓరగా తీశాడు.

"ఎక్కువ కొనేశాను బాబాయ్. లెక్క తప్పింది. మంచాలు కూడా బయట పడేశాం, అత్తగారు బస్తాల మీద పడుకుంటోంది. మా ఇంట్లో కాలు పెట్టే జాగా లేదు. ఈ మూట ఇక్కడ పెట్టుకోనిస్తారా? వానలయ్యేదాకా. ఊరికే ఉంచితే పురుగు పడుతుంది, వండుకుంటూ ఉండండి."

గుక్క తిప్పుకోకుండా చెప్పి, తప్పెక్కడైనా దొరికిందేమోనని ఆయన మొహంలోకి చూశాడు. బాబాయి మూట వంక చూశాడు, దర్జీ వంక చూశాడు. పెదవి కొసన ఏదో మాట ఆడి ఆగింది. వెనక నుంచి పిన్ని వచ్చి తలుపు బార్లా తెరిచింది.

"ఆ మూల పెట్టు నాయనా" అంది.

దర్జీ తల వంచుకుని లోపలికి నడిచాడు. లోపల జాగాకి కొదవ లేదు.